లాగ్ కనబడకపోతే ఎక్కడ వెతకాలి?

(సత్రపట్టిలో ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)

 

మన సత్రపట్టి అంటే బ్యాండేజీ గుడ్డ. అలాంటి ఒక మగ్గాల షెడ్డులో కూలి లెక్కలు లినక్స్ కంప్యూటరులో, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉండేవి. ఒక శుక్రవారం సాయంత్రం అది ఆగిపోయింది. "బాబూ, రేపు కూలి పంచాలి, లెక్క లేకపోతే ఎట్లా?" అని యజమాని నాకు కబురు చేశారు.

డేటాబేస్ తనకు వచ్చిన ఇబ్బందిని ఎప్పటికప్పుడు రాసిపెడుతుంది. దాన్నే లాగ్ అంటారు. అంగడిలో చిట్టా వంటిది. లినక్స్‌లో ఇలాంటి రాతలు సాధారణంగా జర్నల్‌లో చేరతాయి. తెరిచి చూశాను. సేవ విఫలమైందన్న మాటే తప్ప కారణం లేదు. లాగ్ రాలేదనుకుని, డేటా డైరెక్టరీ తుడిచేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయబోయాను. చేసి ఉంటే లెక్కలన్నీ పోయేవి.

చెయ్యి ఆపి ఆ నాలుగు పంక్తులు మళ్లీ చదివాను. ఒక పంక్తిలోనే జవాబు ఉంది: ఇకమీదట రాతలు 'లాగ్' అనే డైరెక్టరీలో ఉంటాయని. పోస్ట్‌గ్రెస్‌లో లాగింగ్ కలెక్టర్ అనే అమరిక ఆన్‌లో ఉంటే, మొదటి మాటలే జర్నల్‌కు వెళ్తాయి. మిగిలినదంతా డేటా డైరెక్టరీ లోపల ఫైళ్లలో పడుతుంది. 2017లో వచ్చిన పదో వెర్షనుకు ముందు ఆ డైరెక్టరీ పేరు 'పీజీ లాగ్'. మామూలు యూజరు అక్కడికి వెళ్లలేడు. రూట్ అధికారం గానీ, పోస్ట్‌గ్రెస్ సొంత యూజరు అధికారం గానీ కావాలి.

వెళ్లి చూస్తే, డిస్కులో చోటు లేదని స్పష్టంగా రాసి ఉంది. పాత బ్యాకప్ కాపీలు డిస్కును నింపేశాయి. డేటాబేస్ సొంత ఫైళ్లను ముట్టుకోకుండా, ఆ కాపీలను మాత్రం వేరే డిస్కుకు మార్చాను. సేవ మొదలైంది. శనివారం కూలి అందింది.

ఇంకొక మాట. రెడ్ హ్యాట్ తరహా లినక్స్‌లలో ఈ ఫైళ్లకు మామూలుగా వారం పేర్లే ఉంటాయి. ఈ సోమవారం రాత పోయిన సోమవారం రాతను చెరిపేస్తుంది. అంటే వారం ఆలస్యమైతే సాక్ష్యం మిగలదు. కనుక ముందుగా లాగ్‌కు కాపీ తీసుకోండి, తరువాతే మరమ్మతు.

లాగ్ కనబడనప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎక్కడ రాస్తోంది? అక్కడ రాయడానికి దానికి అనుమతి ఉందా? డిస్కులో చోటు ఉందా? ఈ మూడూ చూడకుండా దేన్నీ తుడవకండి. నేను తొందరపడి ఉంటే నష్టపోయేది నేను కాదు, కూలి కోసం ఎదురుచూసే కుటుంబాలు.