బండి గుంజుతలేదు
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 ముందు వరుసలో కూర్చున్న మా సైన్సు సార్‌కి నమస్కారం, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. ఇంజనీరుగా నా అనుభవాలు చెప్పమన్నారు. ముప్పై ఏళ్లవి చెబితే వంటలు చల్లారిపోతాయి. ఒక్క బండి గురించి చెబుతాను.

ఆ బండి మా బ్యాచ్ వాడిదే. పదో తరగతితో చదువు ఆపేసి, తెల్లారకముందే బోయిన్‌పల్లి మార్కెట్‌లో సరుకు ఎత్తి నల్లకుంట, రాంనగర్, విద్యానగర్ దుకాణాలకు వేస్తాడు. ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. బండి 2008 నాటి డీజిల్ పికప్. రెండున్నర లీటర్ల ఇంజిన్, టర్బో ఉంది, కంప్యూటర్ లేదు, పంపు మెకానికల్. ఏ కంపెనీ అన్నది అనవసరం, ఈ జబ్బు ఏ బండికైనా వస్తుంది.

ఒక రాత్రి ఫోన్ చేశాడు. "బండి గుంజుతలేదురా. అడిక్‌మెట్ ఫ్లైఓవర్ ఎక్కాలంటే రెండో గేరే. ఎన్క చూస్తే నల్ల పొగ." ఖాళీగా పోతే బాగానే ఉంటుంది, లోడు వేస్తే కూలబడుతుంది. అప్పటికే మూడు షెడ్లు తిరిగాడు. మొదటాయన నాజిళ్లు, పంపు చేయించాడు, తేడా రాలేదు. రెండో ఆయన టర్బో మార్చాలన్నాడు. మూడో ఆయన బోరు పోయింది, ఇంజిన్ దించాలి, డెబ్బై వేలు అన్నాడు. బిడ్డ కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల అది. పైగా ఫిట్‌నెస్ గడువు దగ్గరపడింది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు, పదిహేనేళ్లు దాటితే 2022 ఏప్రిల్ నుంచి ఫీజు కూడా బాగా పెంచారు. ఆ పొగతో పోతే పాస్ కాదు. తుక్కుకి అమ్మెయ్యమని ఇంట్లోవాళ్లు, బాకీ తెచ్చి ఇంజిన్ చేయిద్దామని వీడు. ఆదివారం వస్తాను, అప్పటిదాకా ఏదీ విప్పించకు అన్నాను.

డీజిల్ బండికి పొగే నాడి. తెల్లగా వస్తే డీజిల్ కాలకుండా పోతోందనో, నీళ్లు చేరాయనో అనుమానించాలి. నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. పొగ లేకుండా బలం తగ్గితే డీజిలే అందడం లేదు: ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, లేదా ట్యాంకు మూతలో గాలి రంధ్రం పూడి ఉంటుంది. నల్లగా వస్తే డీజిల్ వస్తోంది, దానికి సరిపడా గాలి రావడం లేదు, లేదా నాజిల్ సరిగా చిమ్మడం లేదు. ఇక్కడ నాజిళ్లు కొత్తగా చేయించినవే. అంటే గాలి వెంట పడాలి.

ఎంత గాలి కావాలో లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. కిలో డీజిల్ కాలడానికి సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. లీటరు డీజిల్‌కి దాదాపు పదివేల లీటర్లు! రెండున్నర లీటర్ల ఇంజిన్ 3,000 చుట్ల మీద తిరుగుతుంటే, టర్బో సాయం లేకుండానే నిమిషానికి 3,750 లీటర్లు పీలుస్తుంది. మనం ఇళ్లలో వేయించుకునే ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలు నూట ఎనభైకి పైగా అన్నమాట, ఒక్క నిమిషంలో.

మొదట క్లచ్ జారడం లేదని, బ్రేకులు పట్టేయలేదని చూశాం. ఆయిల్ మూత తీసి ఇంజిన్ నడిపితే పొగ ఎగదన్నలేదు, పొద్దున సగం సెల్ఫ్‌కే స్టార్టయింది. అలాంటి ఇంజిన్‌కి బోరు పోయిందంటే నేను నమ్మను. ఇంజిన్ ఆపి టర్బో రెక్కను వేలితో కదిపాం. ముందుకీ వెనక్కీ ఆట లేదు, రెక్కలు గోడకి రాసుకోలేదు. టర్బో కూడా బాగానే ఉంది.

ఉస్తాద్ అప్పుడు గట్టి మాటే అన్నాడు. "ఎయిర్ ఫిల్టర్ తీసేసి కూడా నడిపిన సార్, ఫరక్ రాలే. గాలిది గడబడ కాదు." కానీ గాలి ఫిల్టర్ దాటాక నేరుగా ఇంజిన్‌లోకి దూకదు. వంపు తిరిగిన రబ్బరు గొట్టంలోంచి టర్బోకి పోవాలి. ఇంటి గేటు తీసినంత మాత్రాన నట్టింటి తలుపు తెరుచుకోదు కదా. ఆ గొట్టం పైకి చక్కగా ఉంది, పగుళ్లు లేవు, క్లిప్పులు గట్టిగా ఉన్నాయి. గొట్టం పక్కన పెట్టి నడిపి చూద్దామని ఎవరో అన్నారు, వద్దన్నాను. టర్బో నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, చిన్న ఇసుకరాయి పోయినా రెక్కలు పాడవుతాయి.

సార్, ఇక్కడ మీరు గుర్తొచ్చారు. తొమ్మిదో తరగతిలో బల్ల మీద యు ఆకారపు గొట్టంలో రంగునీళ్లు పోసి, ఒక కొనలో నోటితో పీల్పించి, నీళ్లు ఎంత లేచాయో స్కేలుతో కొలిపించారు. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు కొన్నాం. చెక్కకి యు లాగా కట్టి, నీళ్లలో చిటికెడు కుంకుమ కలిపి, పక్కన గీతలు గీశాం. బండి కొంచెం పాతదైనా టర్బో మూతి దగ్గర చిన్న నిపిల్, ఫిల్టర్ డబ్బా చివర ఇంకోటి ఉన్నాయి. పైపు కొన వాటికి తగిలించి, చెక్కని క్యాబిన్‌లో హెల్పర్ కుర్రాడి ఒళ్లో పెట్టాం. వెనక పది బస్తాల ఉల్లిగడ్డ.

మొదటిసారి పైపు ఫిల్టర్ డబ్బాకి పెట్టి ఫ్లైఓవర్ ఎక్కాం. నీళ్ల తేడా జానెడు కూడా లేదు. ఇలాంటి ఇంజిన్లకి యాభై, అరవై సెంటీమీటర్లు దాటితే ఫిల్టర్ మార్చమంటారు. అంటే అక్కడిదాకా దారి బాగుంది. రెండోసారి టర్బో మూతికి పెట్టాం. చదునులో జానెడే. ఫ్లైఓవర్ మొదలై వాడు యాక్సిలరేటర్ తొక్కగానే నీళ్లు ఒక్కసారి ఎగిరాయి. మీటరు దాటి కొన దాకా వచ్చేసరికి, లోపలికి పోతాయని కుర్రాడు పైపు నొక్కి పట్టుకున్నాడు. అదే క్షణంలో వెనక నల్ల పొగ.

రెండు కొలతల మధ్య ఉన్నది గొట్టం ఒక్కటే. తీసి బ్లేడుతో నిలువునా కోశాం. గొట్టం గుడ్డ, రబ్బరు పొరలతో చేస్తారు. వంపు దగ్గర లోపలి పొర, పైదాని నుంచి విడిపోయి ఉంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు గోడకి అతుక్కుని ఉంటుంది, చూసినా దొరకదు. లోడు మీద గట్టిగా పీల్చినప్పుడు నాలుక లాగా లేచి దారి మూసేస్తుంది. ఖాళీ బండికి జబ్బు కనపడకపోవడానికి కారణం అదే.

రాణిగంజ్‌లో కొత్త గొట్టం వెయ్యి రూపాయల లోపే దొరికింది. ఉస్తాదే బిగించాడు, కూలి తీసుకోనన్నాడు, బలవంతంగా ఇచ్చాం. అదే లోడుతో ఫ్లైఓవర్ మూడో గేరులో ఎక్కింది. ఆ కాలపు డీజిల్ బండ్లకి పొగ పరీక్షలో పరిమితి 65 యూనిట్లు, మనవాడి బండి సులువుగా దాటింది. ఇవాళ మీరు తినబోయే కూరలకి కూరగాయలు వచ్చింది అందులోనే.

కోసిన గొట్టం ముక్క భోజనాల బల్ల పక్కన పెట్టాను. లోపలి పొరని వేలితో లేపి చూడండి. చేతికి మసి అంటుతుంది, కాబట్టి భోజనం అయ్యాక.