పిత్తాశయంలో పాలిప్, మెడలో పూడిక

కడుపునొప్పని స్కానింగ్ తీయిస్తే రిపోర్టులో ‘పిత్తాశయంలో 4 మిల్లీమీటర్ల పాలిప్’ అని ఉంటుంది. ఇంటిల్లిపాదికీ క్యాన్సర్ బెంగ పట్టుకుంటుంది. భయానికి సైజుతో పనేముంది! నిజానికి ఇలాంటి పాలిప్‌లలో ఎక్కువ భాగం లోపలి గోడకు అంటుకున్న కొలెస్ట్రాల్ బొడిపెలే. సాధారణంగా 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటేనే ఆపరేషన్ మాట వస్తుంది.

కొలెస్ట్రాల్ మెడలోని కెరోటిడ్ ధమని గోడలోనూ పేరుకుంటుంది. ఆ పూడిక చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి, ఆ ముక్క మెదడుకు కొట్టుకుపోయి పక్షవాతం రావచ్చు. పిత్తాశయంలో పాలిప్, మెడలో పూడిక కొందరిలో జంటగా కనిపిస్తున్నాయని కొన్ని పరిశోధనలు చెప్పాయి. అలాగని ఒకటి రెండోదాన్ని పుట్టిస్తుందనుకోకండి. పిత్తాశయం తీసేసినా మెడలో పూడిక కరగదు. పాలిప్ ఉన్నవాళ్లంతా మెడ స్కానింగ్‌కు పరుగెత్తనక్కర్లేదు. బీపీ, షుగర్, సిగరెట్ అలవాటు ఉంటే మాత్రం రక్తంలో కొవ్వులు చూపే లిపిడ్ ప్రొఫైల్ కాగితం కూడా డాక్టరుకు చూపించండి.