చెప్పడమూ చూపించడమూ



మా మాస్టారు పాలిటెక్నిక్‌లో సివిల్ డ్రాయింగు చెప్పేవారు. గీత గీసే ముందు దాని కొలత పైకి చెప్పించేవారు. "ముందు నోటితో చెప్పు నాయనా, తరవాత పెన్సిల్ పెట్టు" అనేవారు. ఆయన పేరిట మాట్లాడమన్నప్పుడు నేను ఎంచుకున్న విషయం దీనికి దూరమేమీ కాదు. కంప్యూటరుకు పని చెప్పడానికి రెండు దారులున్నాయి. కమాండు టైపు చేసి చెప్పడం ఒకటి, తెరమీది బొమ్మల్ని మౌస్‌తో తాకి చూపించడం ఇంకొకటి. ఈ రెంటినీ కలిపి వాడుకునే తీరు గురించి నాలుగు మాటలు చెబుతాను.

మొదట నల్లటి తెర, టైపు కొట్టే కమాండ్లు ఉండేవనీ, 1984లో మౌస్‌తో మాకింటాష్ వచ్చాక వాటి కాలం చెల్లిందనీ కథలా చెబుతుంటారు. అది సగం నిజమే. 1968 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను లోకానికి చూపించిన రోజున ఆయన కుడి చేతిలో మౌస్ ఉంటే, ఎడమ చేతి కింద అయిదు మీటల చిన్న పలక ఉంది. మధ్యలో మామూలు కీబోర్డు సరేసరి. మౌస్ ఒంటరిగా రాలేదు, జోడీతోనే వచ్చింది.

ఆ జోడీ ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్న చోటు చూడాలంటే ప్లాన్లు గీసే ఏ ఆఫీసుకైనా వెళ్లండి. అక్కడ వాడే ఆటోకాడ్ 1982లో వచ్చింది. దాని తెర అడుగున కమాండ్ల వరుస ఇప్పటికీ ఉంది. మనవాళ్లు తొమ్మిదంగుళాల గోడ అనేదాన్ని ప్లాన్‌లో 230 మిల్లీమీటర్లుగా వేస్తారు. బయటి గీత ఉంది, లోపలి గీత కావాలి. డ్రాఫ్ట్స్‌మన్ ఎడమ చేత్తో ఇంగ్లీషు 'ఓ' అక్షరం నొక్కి స్పేస్‌బార్ కొడతాడు. అది ఆఫ్‌సెట్ కమాండుకు పొట్టి పేరు. దూరమెంత అని కింద వరుస అడుగుతుంది. 230 కొట్టి మళ్లీ స్పేస్‌బార్. ఏ గీత అంటుంది. కుడి చేతి మౌస్‌తో బయటి గీత మీద నొక్కుతాడు. ఏ వైపు అంటుంది. గది లోపలి వైపు ఎక్కడో ఒక చోట నొక్కుతాడు. అంతే, గోడ తయారు.

ఇందులో మీటలతో చెప్పినవి రెండు, మౌస్‌తో చూపించినవి రెండు. 230ని మౌస్‌తో లాగి సాధించబోతే చెయ్యి వణికి 229.6 దగ్గర ఆగుతుంది. ఆ గీతనేమో మాటల్లో చెప్పాలంటే దాని కొసల అంకెలన్నీ ఏకరువు పెట్టాలి. సైటు మీద మేస్త్రీ చేసేదీ ఇదే కదా: వేలితో చోటు చూపిస్తాడు, నోటితో కొలత చెబుతాడు. ఇంకో సంగతి, ఆటోకాడ్ అడుగడుగునా ప్రశ్న వేస్తుంది. యూనిక్స్ కమాండ్ల తెర మాత్రం మనం అంతా చెప్పేదాకా నోరు మెదపదు. కొత్తవాళ్లు దాన్ని చూసి బెదిరేది టైపు చేయాల్సి వచ్చినందుకు కాదు, ఆ మౌనం వల్లనని నా అనుమానం.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. మౌస్‌తో చేసిన పనికి రాతలో జాడ మిగలాలి. గణాంకాలకు వాడే ఎస్‌పీఎస్‌ఎస్‌లో మెనూలో అన్నీ ఎంచుకున్నాక ఓకే బటన్ పక్కనే పేస్ట్ అని ఒకటి ఉంటుంది. అది నొక్కితే మీరు ఎంచుకున్నదంతా కమాండ్లుగా రాసి చేతికిస్తుంది. అదే పనికి వాడే స్టాటాలో అయితే ఓకే నొక్కగానే ఆ కమాండు ఫలితాల కిటికీలో కనబడుతుంది. వచ్చే నెల డేటా మారితే మెనూలన్నీ మళ్లీ తిరగక్కర్లేదు, ఆ రాతనే మళ్లీ నడిపిస్తే సరి. పరిశోధన విద్యార్థి లెక్కను గైడు సరిచూడాలన్నా ఆ రాతే ఆధారం. ఐబీఎం వారి యూనిక్స్ అయిన ఏఐఎక్స్‌లో స్మిట్ అనే మెనూ ఉంది. ఎఫ్6 నొక్కితే తాను నడపబోయే కమాండును ముందే చూపిస్తుంది, నడిపినవన్నీ ఒక ఫైలులో దాస్తుంది. (దాని బొమ్మల వెర్షన్‌లో పని జరుగుతున్నంతసేపూ ఒక మనిషి పరుగెడుతుంటాడు, పని చెడితే బోర్లా పడతాడు. ఇంజనీర్లకు హాస్యం లేదంటే నేనొప్పుకోను.) స్మిట్ చూపే కమాండ్లను చూస్తూ చూస్తూ వాటిని నేర్చుకున్న సిస్టమ్ అడ్మిన్లు ఎందరో.

అయితే ఏ జాడైనా పనికొస్తుందనుకోకూడదు. ఎక్సెల్‌లో మాక్రో రికార్డు చేసి, అది రాసిన కోడు విప్పి చూడండి. ఈ గడిని ఎంచుకున్నారు, తెరను ఇన్ని వరుసలు కిందికి జరిపారు అంటూ మన చేతి తచ్చాడటమంతా రాసి పెడుతుంది. మనం ఏం చేయదలిచామన్నది అందులో వెతుక్కోవాలి.

జ్యూరిక్‌లో నిక్లాస్ వీర్త్, యుర్గ్ గుట్‌క్నెక్ట్ 1980ల్లో కట్టిన ఓబెరాన్ అనే ఆపరేటింగ్ వ్యవస్థ, మెనూ నుంచి రాత పుట్టే ఈ వరసను తలకిందులు చేసింది. అక్కడ తెర మీద ఎక్కడ రాసి ఉన్న కమాండు పేరైనా సరే, మౌస్ మధ్య మీట నొక్కితే నడుస్తుంది. రాతే బటన్ అన్నమాట. దాన్ని చూసి రాబ్ పైక్ ఆక్మే అనే ఎడిటర్ రాశాడు. నాకు ఎంతో ఇష్టమైన ఆలోచన. కానీ అది జనంలోకి పోలేదు, పోకపోవడంలో వింతా లేదు: ఏ మాట నొక్కితే పని జరుగుతుందో కొత్తవాడికి తెర చెప్పదు. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, పీ నొక్కితే వచ్చే జాబితా ఆ లోటు తీర్చింది. రెండక్షరాలు కొడితే చాలు, దగ్గరి కమాండ్లన్నీ చూపిస్తుంది, పక్కనే వాటి షార్ట్‌కట్టూ ఉంటుంది.

ఇప్పుడు ఏఐ పుణ్యమా అని టైపు చేసి పని చెప్పడం మళ్లీ ఇంటింటికీ వచ్చింది. తెలుగులో చెప్పినా వింటోంది, సంతోషమే. కానీ ఈసారి పోతున్నది చూపించే వేలు. ఉత్తరం గోడలో ఎడమ నుంచి రెండో కిటికీ కింద ఉన్న గీత అని వాక్యాలు అల్లుతూ కూర్చుంటున్నాం. 1980లోనే ఎంఐటీలో రిచర్డ్ బోల్ట్ ఒక ఏర్పాటు చూపించారు. కుర్చీలో కూర్చున్న మనిషి గోడంత తెర వైపు చెయ్యి చాపి, దాన్ని అక్కడ పెట్టు అంటే బొమ్మ అక్కడికి జరిగేది. ప్రాజెక్టులు చేస్తున్న పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. చాట్ పెట్టె ఒక్కటే కట్టి ఊరుకోకండి. అడిగేవాడు బొమ్మ మీద వేలు పెట్టే వీలు ఇవ్వండి. పని జరిపే ముందు, జరపబోయే కమాండు ఏమిటో అతనికి కనబడేలా ఒక వరుసలో రాసి చూపించండి.