ఒకరి అక్కర ఒకరికి: ఊరి బడిలో తరగతి ఎలా పుడుతుంది

(హార్స్లీ హిల్స్‌లో ఇచ్చిన స్మారకోపన్యాసం)



స్మారకోపన్యాసమంటే మామూలుగా ఒక పేరు, ఒక పటం, ఒక దండ ఉంటాయి. నిర్వాహకులు దీనికి పేరు పెట్టలేదు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఒక్కరే బడి తలుపు తీసి, ఒక్కరే అయిదు తరగతులకూ చదువు చెప్పి, ఒక్కరే తాళం వేసుకుని ఇంటికెళ్లిన అయ్యవార్లందరికీ దీన్ని అంకితం చేశారు. నా విషయాన్ని కూడా వాళ్ల కష్టంలోంచే తీసుకున్నాను. ఒకే గదిలో కూర్చున్న పిలకాయలు ఎప్పుడు ఒక తరగతి అవుతారు?

హాజరుపట్టీలో పేర్లు వరసగా ఉన్నంత మాత్రాన అవరు. ముప్పైమందీ ఒకే పాఠం విని, ఒకే జవాబు ఒకే గొంతుతో చెబుతున్నా, పక్కవాడితో ఏ పనీ పడకుండానే ఎవరి రోజు వాళ్లకు గడిచిపోవచ్చు. పక్కవాడు రాని రోజున చోటు కాస్త విశాలమవుతుంది, అంతే. అలాంటి గదిలో ఐకమత్యం గురించి ఎన్ని నీతికథలు చెప్పినా అవి గోడకు తగిలి తిరిగొస్తాయి. ఒకరి అక్కర ఒకరికి పడేలా పనిని అమర్చినప్పుడే తరగతి పుడుతుందన్నది నా వాదన. దానికి సాక్ష్యం వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. ఈ కొండ చుట్టూనే ఉంది.

ఇసుకలో అక్షరాలు

ఈ కొండ పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్లీ పంతొమ్మిదో శతాబ్దిలో ఇక్కడ బంగళా కట్టుకున్నాక ఆయన పేరు స్థిరపడింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోదే. ఆ కడపకు ఇరుగుపొరుగైన బళ్లారి జిల్లాలో కలెక్టరుగా ఉన్న ఎ.డి. క్యాంబెల్ 1823లో వీధిబడుల మీద ఒక నివేదిక రాశాడు. దేశీయ బడుల లెక్కలు పంపమని మద్రాసు గవర్నరు మన్రో అంతకు ముందు ఏడాది కలెక్టర్లను అడిగాడు. దానికి జవాబుగా వచ్చినవాటిలో ఇదొకటి.

అందులో రెండు సంగతులు పక్కపక్కనే కనిపిస్తాయి. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ముందు నేర్చుకున్నవాళ్లు తర్వాత చేరినవాళ్లకు చెప్పేవారు. తక్కువ ఖర్చుతో చదువు సాగే ఈ పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకున్నాడు. రెండోది పొద్దున బడి తెరిచే వేళ జరిగే తంతు. మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఒక్కొక్కటి ఎక్కువ. తోటివాడికి చదువు చెప్పే అలవాటూ, తోటివాడికన్నా ముందు గడప దాటకపోతే దెబ్బలు తినే ఏర్పాటూ ఒకే బడిలో ఉన్నాయి. పిల్లవాడికి పక్కవాడు పొద్దున పోటీదారు, మధ్యాహ్నం గురువు.

ఈ పద్ధతి సముద్రం దాటింది. మద్రాసు ఎగ్మూరు అనాథాశ్రమం చూసుకుంటున్న ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో రాస్తూ ఒకరికొకరు నేర్పుకోవడం చూసి, దాన్ని తన బడిలో పెట్టి, 1797లో లండన్‌లో పుస్తకంగా అచ్చేశాడు. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతిగా పేరుపడింది. అయితే అక్కడ పెద్దపిల్లవాడు వరసకు మేస్త్రీ అయ్యాడు. ఒక్క పంతులు వందలమందిని నడిపేందుకు అదొక చవక యంత్రం. నేర్పేవాడు ఎప్పుడూ నేర్పేవాడే, నేర్చుకునేవాడు ఎప్పుడూ కిందివాడే. అక్కర ఒకవైపు నుంచే ఉంటే అది అధికారమవుతుంది. ఈ తేడా గుర్తుంచుకుని లోయలోకి దిగుదాం.

లోయలో నిచ్చెన

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే రిషి వ్యాలీ స్కూలు మనకు తెలిసినదే. దూర పట్టణాల పిల్లలు వచ్చి ఉండి చదువుకునే ఆ పెద్దబడి గురించి ఇవాళ నేను మాట్లాడను. దాని గ్రామీణ విద్యాకేంద్రం చుట్టూ పల్లెల్లో నడిపిన చిన్నబడులే నాకు ముఖ్యం. ఒక గది, ఒక టీచరు, రకరకాల వయసుల పిల్లలు. 1980ల చివర్లో అక్కడ చేరిన పద్మనాభరావు, రమ దంపతులు, స్థానిక టీచర్లతో కలిసి, ఆ బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని కుట్లు విప్పినట్టు విడదీశారు. అలా తయారైన సామగ్రికి 'పెట్టెలో బడి' అని పేరొచ్చింది.

ప్రతి విషయాన్నీ చిన్నచిన్న మెట్లు చేసి, ఆ మెట్లన్నీ ఒక నిచ్చెన పటంగా గోడకు తగిలిస్తారు. ప్రతి మెట్టుకూ కొన్ని కార్డులుంటాయి. కార్డు మీద ఒక బొమ్మ, ఒక అంకె. పిల్ల బడికి రాగానే నిచ్చెన దగ్గరికెళ్లి తాను నిన్న ఎక్కడ ఆగిందో చూసుకుంటుంది, ఆ కార్డు తానే తీసుకుంటుంది. ఏ గుంపులో కూర్చోవాలో కార్డు మీది గుర్తే చెబుతుంది. కొత్త సంగతైతే టీచరు పక్కన చాప మీద. కొంత తెలిసినదైతే టీచరు అప్పుడప్పుడూ వచ్చి చూసిపోయే చోట. సాధన చెయ్యాల్సినదైతే తోటిపిల్లలు సాయపడే చోట. బాగా వచ్చినదైతే ఒంటరిగా. మెట్టు చివర ఒక చిన్న పరీక్ష. తప్పితే మళ్లీ నేర్చుకోవడానికి వేరే కార్డు, నెగ్గితే ఇంకాస్త లోతుకు తీసుకెళ్లే కార్డు.

ఈ అమరికలోంచి వచ్చే ఫలితాలు మూడు చెబుతాను.

మొదటిది, బడి మానిన పిల్ల తిరిగి రాగలగడం. మన మెట్టనేలల్లో చెనిక్కాయ పీకే రోజుల్లో, టమోటా కోతల్లో, తమ్ముణ్ని చూసుకోవాల్సిన వారాల్లో పిల్లలు రారు. అందరికీ ఒకే పేజీ నడిచే తరగతిలో పదిరోజులు రాని పిల్లకు పాఠం ఎటుపోయిందో తెలియదు, అందరి ముందూ వెనకబడిన పిల్ల అవుతుంది. బడి మానెయ్యడం చాలాసార్లు ఆ సిగ్గుతోనే మొదలవుతుంది. నిచ్చెన మీద ఆమె మెట్టు ఆమె కోసం ఆగి ఉంటుంది. ఎక్కడ ఆపిందో అక్కడే మొదలుపెడుతుంది. ఎవరి మెట్టు వాళ్లదైనప్పుడు 'వెనక' అనే చోటే ఉండదు.

రెండోది, గురుత్వం చేతులు మారడం. సాయం చేసుకునే గుంపులో ఏడేళ్లదీ తొమ్మిదేళ్లవాడూ కలిసి కూర్చుంటారు. తెలుగులో వాడికి ఒత్తులు సరిచేసిన పిల్ల, లెక్కల గంటలో తీసివేత కోసం వాడి దగ్గరికే వస్తుంది. బెల్ పద్ధతిలో మేస్త్రీగిరీ ఒకరికే ఉండేది. ఇక్కడ గంట గంటకూ మారుతుంది. కులాన్ని బట్టి వాడలు విడిపోయిన ఊళ్లలో దీని బరువు మనకు వేరే చెప్పక్కర్లేదు. ఊళ్లో ఎవరు ఎవరి గడప తొక్కుతారన్నది పెద్దలు పెట్టిన కట్టు. కార్డు మీది గుర్తుకు ఆ కట్టు తెలియదు. దళితవాడ పిల్ల చెబితేనే తన మెట్టు దాటగలిగే పిల్లవాడు సమానత్వం గురించి పాఠం చదవకముందే దాన్ని వాడుకుంటాడు.

మూడోది, ఊరు బడిలోకి రావడం. అక్కడి పల్లెల కథలు చదువుకునే సామగ్రిలోకి ఎక్కాయి, తల్లులు బడి పనుల్లో కలిశారు. కొలతలు నేర్పడానికి పిల్లలే అంగళ్లు పెట్టి, తూచి, కొలిచి, అమ్మే మెట్రిక్ మేళాలు జరిపారు. ఆ రోజున కొనడానికి వచ్చిన అవ్వ కూడా చదువులో భాగమే. ఆమె బేరమాడితేనే పిల్లవాడికి లెక్క వస్తుంది.

ఆవలి గట్టున నీల్‌బాగ్

ఇదే మాటను ఇంకోదారిలో చెప్పిన బడి ఒకటి, సరిహద్దుకు అవతల కోలారు జిల్లా రాయల్పాడు దగ్గర ఉండేది. రిషి వ్యాలీలో పనిచేసిన డేవిడ్ హార్స్‌బర్గ్ 1972లో దాన్ని మొదలుపెట్టాడు. నీల్‌బాగ్‌లో వయసుల్ని బట్టి తరగతులు లేవు. పోటీ, శిక్ష లేవు, బహుమతీ లేదు. శిక్ష తీసేయడం చాలామందికి అర్థమవుతుంది. బహుమతి ఎందుకు తీసేశాడన్నది ఆలోచించాలి. ఒక్కరికే దొరికే బహుమతి ఉన్నచోట తోటివాడికి సాయం చెయ్యడమంటే నష్టపోవడమే. క్యాంబెల్ చూసిన అరచేతి మీది సరస్వతి అందుకే ఆ బడిలో పనికిరాదు. 1984లో హార్స్‌బర్గ్ పోయాడు. ఆయన దగ్గర శిక్షణ పొందినవాళ్లు వేరేచోట్ల బడులు నడిపారు.

రాష్ట్రాలు దాటిన కార్డులు

1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోట టీచర్లు రిషి వ్యాలీకి వచ్చి చూసి వెళ్లాకే కర్ణాటకలో 'నలి కలి' బోధనా పద్ధతి పుట్టింది. చెన్నై కార్పొరేషన్ 2003లో 13 బడుల్లో కార్డుల పద్ధతి మొదలుపెట్టింది. నాలుగైదేళ్లలో తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ అది పాకింది. ఇంత చిన్న లోయలోంచి ఇంత పెద్ద మార్పు రావడం మన ప్రాంతానికి గర్వకారణమే. ఒక హెచ్చరిక కూడా అందులోనే ఉంది. కార్డులు లారీ ఎక్కుతాయి, అలవాట్లు ఎక్కవు. గుంపులో మాట్లాడుకోవడం తగ్గి, ఎవరి కార్డు వాళ్లు నింపుకునే పని మిగిలితే, ముప్పైమంది ఒంటరివాళ్లు తయారవుతారు. పాత బడి పాఠాన్ని కలిపి పిల్లల్ని విడదీసింది. నిచ్చెనను సరిగా వాడకపోతే పాఠాన్నీ పిల్లల్నీ రెంటినీ విడదీస్తుంది.

మరి మన ఆంధ్రప్రదేశ్ సంగతి? 2022లో జీవో 117తో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని చాలాచోట్ల ఊరి బడి నుంచి హైస్కూళ్లకు తరలించారు. 2025లో ఆ జీవోను రద్దు చేసి, తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు. టీచర్లు పెరగాల్సిందే. విద్యాహక్కు చట్టం అరవైమంది దాకా ఉన్న ప్రాథమిక బడికి కూడా ఇద్దర్ని ఇమ్మంటుంది. ఏకోపాధ్యాయ బడి గొప్పదని ప్రభుత్వానికి సాకు ఇవ్వడం నా ఉద్దేశం కాదు. లేమిలో కనిపెట్టిన మంచిని కలిమిలో పారేసుకోవద్దంటున్నాను. తరగతికో టీచరు వచ్చిననాడు, నోరు విప్పేది టీచరొక్కరే అయితే, పిల్లలకు మళ్లీ పక్కవాడితో పని ఉండదు.

కార్డులు లేకుండానే చెయ్యగలిగినవి ఉన్నాయి. సెలవు పెట్టిన పిల్లకు ఏం జరిగిందో చెప్పే బాధ్యత రోజూ ఒక పిల్లకు అప్పగించండి. జంటలు కట్టండి, వారానికోసారి మార్చండి. ఒక విషయంలో చెప్పిన పిల్ల ఇంకో విషయంలో అడిగేలా చూడండి. కుప్పం వైపు టీచర్లకు మరో వీలుంది: ఒకే గదిలో తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే పిల్లలుంటారు కాబట్టి, ఒక్కో జంతువు పేరు మూడు భాషల్లో సేకరించే పని ఎవరూ ఒంటరిగా ముగించలేరు. ఆ పక్కనే గుడుపల్లెలో అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణంలో పిల్లలే పిల్లలకు సైన్సు ప్రయోగాలు చేసి చూపిస్తున్నారు, వెళ్లి చూసి రండి.

చివరగా తనిఖీ అధికారులకు ఒక మనవి. బడికి వచ్చినప్పుడు ఒక పిల్లను లేపి చదివించి, ఇంతవచ్చు అని రాసుకుని వెళ్లిపోతున్నారు. ఇంకో రెండు ప్రశ్నలు కలపండి: 'ఇది నీకు ఎవరు నేర్పారు? నువ్వు ఎవరికి నేర్పావు?' రెండింటికీ టీచరు పేరు కాక తోటిపిల్లల పేర్లు చెప్పే బడికి మంచి మార్కులు వెయ్యండి. తనిఖీలో ఏది అడుగుతారో బడిలో అదే జరుగుతుందని ఇక్కడున్న మనందరికీ తెలుసు. ఈ రెండు ప్రశ్నలు తనిఖీ ఫారంలోకి ఎక్కితే, పేరులేని ఆ అయ్యవార్లకు ఇంతకన్నా పనికొచ్చే స్మారకం నాకు తోచదు.