ఆస్పత్రి గేటు దాటిన తరువాత

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడి పంతుల్ని. తెలుగులో రాసుకుని మాట్లాడడం నాకు అలవాటు లేదు. అయినా మన పిల్లల్లో సగం మందికి ఉర్దూ చదవడం రాదు. ఈ మాటలు సావనీర్లో అచ్చు వేస్తామన్నారు గనుక అందరూ చదవాలని తెలుగులోనే రాసుకొచ్చాను. తప్పులుంటే మన్నించండి.

"విద్య గురించి నాలుగు మాటలు చెప్పండి మాస్టర్ సాబ్" అన్నారు కార్యదర్శిగారు. విద్య గురించి చెప్పగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఎవరూ చెప్పని విషయం ఇంకొకటుంది, దాని గురించి మాట్లాడతానని అడిగాను. వారు కాసేపు ఆలోచించి సరేనన్నారు. వారికి నా కృతజ్ఞతలు.

ఆ విషయం తాగుడు, మనసు జబ్బు. ముఖ్యంగా వాటికి వైద్యం జరిగిన తరువాత మనిషి బతకవలసిన సంవత్సరాలు.

మద్యం హరామ్ అని మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ సంగతి తెలియని ఇల్లు మనలో లేదు. తెలిసిన ఇళ్లలోనే తాగేవాళ్లూ ఉన్నారు. హరామ్ కాబట్టి మనలో లేదనుకుంటాం. లేదనుకుంటాం కాబట్టి దాచిపెడతాం. దాచిపెట్టినదానికి వైద్యం ఎక్కడ జరుగుతుంది?

ఉర్దూ పంతుల్ని కనుక ఉర్దూవాళ్ల సంగతితోనే మొదలుపెడతాను. 1955 మన సాహిత్యానికి చెడ్డ సంవత్సరం. జనవరి 18న లాహోర్‌లో సాదత్ హసన్ మంటో చనిపోయారు. వయసు 42. తాగుడు మాన్పించడానికి ఆయన్ని అంతకుముందు అక్కడి పిచ్చాసుపత్రిలో చేర్చారు. మానలేదు. అదే ఏడాది డిసెంబర్ 5న లక్నోలో మజాజ్ చనిపోయారు. వయసు 44. అలీగఢ్ విశ్వవిద్యాలయం పిల్లలు ఈనాటికీ పాడుకునే గీతం ఆయన రాసిందే. ఆయనకు మనసు చెదరడం ఒకసారి కాదు, పలుమార్లు జరిగింది. 1952లో రాంచీ ఆస్పత్రిలో పెట్టి వైద్యం చేయించారు. కొంత బాగుపడి ఇంటికి వచ్చారు. ఆ తరువాత ఒక చలికాలపు రాత్రి స్నేహితులతో కలిసి ఒక సారా దుకాణం మిద్దె మీద తాగారు. స్నేహితులు దిగి వెళ్లిపోయారు, ఆయన మాత్రం ఆ చలిలో మిద్దె మీదే ఉండిపోయారు. పొద్దున ఎవరో చూసి ఆస్పత్రికి చేర్చినా ప్రాణం నిలవలేదు.

మజాజ్ పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లలకు ఆయన కవిత్వం చెబుతాను. నా మనసులో మాత్రం ఆ మిద్దె మెదులుతూ ఉంటుంది. రాంచీలో డాక్టర్లు తమ పని చేశారు. గేటు దాటి బయటికి వచ్చిన తరువాత ఆ మనిషిని పట్టుకునేవాళ్లు ఎవరు? ఈ ప్రశ్న నన్ను వదలదు. ఎందుకంటే అటువంటి గేటు నేనూ దాటి వచ్చాను.

ఇప్పుడు నాకు 46 ఏళ్లు. మజాజ్ బతికినదానికంటే రెండేళ్లు ఎక్కువే బతికాను. అల్‌హందులిల్లాహ్.

మీలో కొందరికి తెలుసు, కొందరు విన్నారు, కొందరు విననట్టు నటించారు. ఇవాళ నా నోటితోనే చెబుతున్నాను. ఈ మాట చెప్పే ముందు మా ఇంటావిడనూ, పెళ్లీడుకొచ్చిన మా అమ్మాయినీ అడిగాను. "చెప్పండి అబ్బా, దాచి మనం బావుకున్నదేముంది?" అంది అమ్మాయి.

నాకు ముప్పై ఏళ్లు దాటిన కొత్తల్లో నిద్ర పోయింది. రాత్రికి రెండు గంటలు పడుకున్నా అలసట ఉండేది కాదు. పెద్ద పెద్ద పథకాలు వేసేవాణ్ణి. అప్పు చేసి ఇంటర్ కోచింగు సెంటర్ పెడతానని యాభై కుర్చీలు కొన్నాను. ఆ కుర్చీలు ఇంకా మా బావమరిది గోడౌన్లో ఉన్నాయి. కొన్నాళ్లకు అంతా తలకిందులై, గోడవైపు తిరిగి పడుకుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. దీన్ని డాక్టర్లు బైపోలార్ అంటారు. మనసు ఒకసారి పొంగుతుంది, ఒకసారి కుంగుతుంది. అది జబ్బని నాకు అప్పుడు తెలియదు. నిద్ర కోసమని మొదట పక్కఊళ్లో, తరువాత మన ఊళ్లోనే తాగడం మొదలుపెట్టాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రంజాన్ నెలంతా నేను చుక్క ముట్టేవాణ్ణి కాదు. రోజాలు ఉండేవాణ్ణి, తరావీహ్‌కు వచ్చేవాణ్ణి. "నెల రోజులు మానగలిగినవాణ్ణి తాగుబోతు నెలా అవుతాను?" అని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకునేవాణ్ణి. ఈద్ చాంద్ కనబడిన రాత్రే మళ్లీ సీసా దగ్గరికి వెళ్లేవాణ్ణి. ఆ నెలంతా నేను మానలేదు, రోజులు లెక్కపెట్టానంతే. ఈ లెక్క మన కుర్రాళ్లలో ఎవరైనా వేస్తూ ఉంటే వాళ్లకు చెబుతున్నాను: నెల రోజులు ఆగగలిగినంత మాత్రాన జబ్బు లేదని కాదు.

2012లో నన్ను ఆస్పత్రిలో చేర్చారు. అంతకుముందు మావాళ్లు ఒకసారి గదిలో పెట్టి తాళం వేశారు, మూడు రోజుల్లో మానుతాడని. రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. చాలాకాలంగా ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి చలించవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. కాబట్టి మాన్పించడం డాక్టరు కనుసన్నల్లోనే జరగాలి. దయచేసి ఎవరినీ గదిలో పెట్టి తాళం వేయకండి.

మా అమ్మీ నన్ను దర్గాకు కూడా తీసుకెళ్లింది. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. ఆమె కన్నీళ్ల దువా నా వెంట ఉంది. దవా భీ, దువా భీ అంటారు మన పెద్దలు, రెండూ కావాలి. కానీ దువా పేరు మీద మనిషిని కట్టేస్తే ఏమవుతుందో తమిళనాడులోని ఏర్వాడిలో చూశాం. అక్కడి దర్గాకు వచ్చే మనోరోగులను ఉంచుకునే ఒక ప్రైవేటు హోములో 2001 ఆగస్టు 6న నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉంచినవాళ్లు పారిపోలేకపోయారు. 28 మంది కాలిపోయారు. వాళ్లను అక్కడికి తెచ్చింది శత్రువులు కాదు, ప్రేమించిన ఇంటివాళ్లే. 2017 మానసిక ఆరోగ్య చట్టం మనోరోగిని గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది.

ఆస్పత్రిలో నాకు తెలిసినది ఏమిటంటే, నావి రెండు జబ్బులు. ఒకటి ఇంకొకదానికి మేత వేస్తుంది. మనసుకు మందివ్వకుండా తాగుడు మాన్పిస్తే నిలవదు. తాగుతూ ఉంటే మనసుకిచ్చే మందు పనిచేయదు. రెండిటికీ కలిపి వైద్యం చేశారు. నాకిచ్చింది లిథియం. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు దాని గుణం కనిపెట్టారు. అగ్గువ మందే, కానీ కొన్ని నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకోవాలి, కిడ్నీలనూ థైరాయిడ్‌నూ చూపించుకోవాలి.

ఇంటికొచ్చాను. అందరూ "నయమైపోయింది మాషాఅల్లాహ్" అన్నారు. నేనూ నమ్మాను. మూడేళ్లు బాగానే గడిచింది. 2015లో "బాగయ్యాను కదా, ఇంకా ఈ మాత్రలెందుకు? నా ఈమాన్ సరిపోదా?" అనుకుని ఆపేశాను. మూడు నెలలు తిరక్కుండా నిద్ర పోయింది, కొత్త పథకాలు వచ్చాయి, వాటి వెనుకే సీసా వచ్చింది. రెండోసారి చేరినప్పుడు డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ వేసుకుంటే ఈమాన్ తగ్గుతుందా మాస్టారూ?" అని మాత్రం అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. నా లెక్క అప్పటినుంచి మొదలవుతుంది, 2012 నుంచి కాదు.

ఇప్పుడు నా బతుకు ఎట్లా ఉందంటారా? చాలా మామూలుగా ఉంది. ఇషా తరువాత మాత్ర వేసుకుంటాను. పదిన్నరకు పడుకుంటాను, పెళ్లిళ్లయినా సరే. నిద్ర తగ్గితే మా ఇంటావిడకు నాకంటే ముందే తెలుస్తుంది, వెంటనే డాక్టరు దగ్గరికి వెళతాం. జీతం ఆమె చేతికిస్తాను. వారానికోసారి జిల్లా కేంద్రంలో తాగుడు మానినవాళ్లు కూర్చునే చోటికి వెళతాను. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా మొదలుపెట్టిన పద్ధతి అది. అక్కడ హిందువులు, క్రైస్తవులు, మనవాళ్లు అందరూ ఉంటారు. కులం, ఉద్యోగం ఎవరూ అడగరు. ఇవాళ తాగలేదు అని చెబుతాం, టీ తాగి వచ్చేస్తాం.

కష్టమైనది ఏదంటే, రోజా. ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. అందుకని నా విషయంలో డాక్టరు ఉపవాసం వద్దన్నారు. ఆలిమ్ సాబ్‌ను అడిగాను. దీర్ఘరోగికి సడలింపు ఉంది, రోజుకొక పేదకు అన్నం పెట్టే ఫిద్యా ఉంది అన్నారు. దీన్ నన్ను క్షమించింది. కానీ మన వీధి క్షమించలేదు. "రోజా లేదా మాస్టర్ సాబ్?" అని అడిగినప్పుడల్లా కడుపునొప్పి అని అబద్ధమాడాను. రంజాన్‌లో అబద్ధం! ఆ అబద్ధం నాతో ఆడించింది ఎవరు? ఈ ఏడాది ఆడను. మీరు కూడా ఎవరినీ ఆ ప్రశ్న అడగకండి.

నేను ఒంటరివాణ్ణి కాదు. కేంద్ర ప్రభుత్వం తరఫున ఢిల్లీ ఎయిమ్స్‌వారు చేసిన సర్వే 2019లో వెలువడింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స అందిందని చెప్పారట. మిగతా 37 మంది ఏమైనట్టు? కొందరు మన సఫ్‌లలోనే నిలబడి ఉంటారు. కొందరి జనాజా మనం మోసే ఉంటాం, "గుండెపోటు" అని చెప్పుకుని.

ఇక సంఘానికి నా విన్నపాలు మూడు.

మన సంఘం స్కాలర్‌షిప్పులు ఇస్తుంది, కుట్టు మిషన్లు ఇస్తుంది, దిక్కులేనివారికి కఫన్ ఖర్చు ఇస్తుంది. చాలా మంచి పని. కఫన్‌కు ఇచ్చేదాంట్లో కొంత మాత్రలకు ఇవ్వండి. ఒక్కసారి ఆస్పత్రి బిల్లు కట్టి ఊరుకుంటే చాలదు. నెలనెలా మందు, పరీక్షకు వెళ్లే బస్సు చార్జీ, అదీ ఏళ్ల తరబడి కావాలి.

రెండోది, ఆస్పత్రి నుంచి వచ్చినవాణ్ణి దావత్‌కు పిలవండి. పని ఉంటే ఇవ్వండి. మళ్లీ పడిపోతే "మేం ముందే అనుకున్నాం" అనకండి, మళ్లీ తీసుకెళ్లండి.

మూడోది, సంబంధాలు చూసేటప్పుడు ఒక ఇంట్లో వైద్యం చేయించుకునేవాడు ఉన్నాడని ఆ ఇంటి ఆడపిల్లను వదులుకోకండి. వైద్యం చేయించుకునే ఇల్లు నిజం ఒప్పుకున్న ఇల్లు. దాచే ఇంటికన్నా అది మేలు.

ఎవరిని అడగాలో తెలియకపోతే టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోను ఉంది, నంబరు 14416. 2022లో మొదలైంది. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తాగుడు, మత్తుమందుల విషయానికి 14446. పేరు చెప్పడానికి భయపడేవాళ్లు నా దగ్గరికి రండి. బడి వదిలాక అసర్ వరకూ అక్కడే ఉంటాను. మీతో పాటు ఆస్పత్రికి నేనూ వస్తాను, దారి నాకు తెలుసు.

మిద్దె మీద ఎవరినీ వదిలి దిగిపోకుండా ఉండే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.