ఎవరికి అందాలో ఎవరు తేల్చారు?



మన సిద్ధాంత గ్రంథాలన్నిటిలోనూ మూడో అధ్యాయం ఒక్కలాగే ఉంటుంది. ‘ఈ అధ్యయనంలో ప్రయోగాత్మక పద్ధతిని అనుసరించడమైనది’ అనో, ‘సర్వే పద్ధతిని అనుసరించడమైనది’ అనో ఒక వాక్యం, దాని వెనక నాలుగైదు పేజీల నిర్వచనాలు. కాంప్‌బెల్, స్టాన్లీ 1963లో పదహారు డిజైన్లు వివరించారు. వారు వాడిన ఎక్స్, ఓ గుర్తులు బి.ఎడ్. గైడ్లలోకి దిగి, అక్కడినుంచి నేరుగా మన గ్రంథాల్లోకి వచ్చేశాయి. పరీక్షకుడిగా ఆ పేజీలు చాలా తిరగేశాను. వాటిని తీసేసినా గ్రంథానికి వచ్చే నష్టమేమీ లేదు. నాకు అక్కడ కావలసిన సమాచారం ఒక్కటే: మీరు ఏ వస్తువు ప్రభావాన్ని కొలుస్తున్నారో, అది ఎవరికి అందాలో, ఎవరికి అందకూడదో ఎవరు తేల్చారు?

ఒక వైవాలో ఇదే అడిగాను. అభ్యర్థి ఎనిమిదో తరగతి రెండు సెక్షన్లు తీసుకున్నాడు. ‘ఎ’కి డిజిటల్ పాఠాలు, ‘బి’కి నల్లబల్ల. ‘ఎ’ సెక్షన్ మార్కులు బాగా పెరిగాయి, 0.05 స్థాయిలో సార్థకం. డిజిటల్ పాఠాలు ‘ఎ’కే ఎందుకు ఇచ్చావు నాయనా అంటే, ‘హెడ్మాస్టరు గారు ఇమ్మన్నారండీ, ఆ పిల్లలు చురుకైనవాళ్లు, తొందరగా పట్టుకుంటారని’ అన్నాడు. పాపం, దాపరికం లేని మనిషి. పైగా తన శాంపిల్ యాదృచ్ఛికమనే అతని నమ్మకం. స్కూలును లాటరీ తీసే ఎంచుకున్నాడు మరి! ఎంపికలో లాటరీ వేరు, పంపకంలో లాటరీ వేరు. మొదటిది మీ ఫలితం ఎంతమందికి వర్తిస్తుందో చెబుతుంది. ఆ ఫలితానికి మీ పాఠమే కారణమా అన్న సంగతి రెండోదాని వల్లనే తేలుతుంది. రెండో లాటరీ పడకపోతే అది ప్రయోగం కాదు, దానికి ఎన్ని టి-టెస్టులు తగిలించినా సరే.

పంపకంలో లాటరీ అంటే ఎలా ఉంటుందో మన హైదరాబాదులోనే చూడొచ్చు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ కలిసి 104 బస్తీలు తీసుకున్నారు. స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ వాటిలో ఏ 52 బస్తీల్లో ముందుగా శాఖ తెరవాలో లాటరీ తేల్చింది. ఆరుగురి నుంచి పదిమంది ఆడవాళ్లు ఒక గ్రూపు. తొలి అప్పు పదివేలు, 50 వారాల్లో తీర్చాలి. ఏడాదీ ఏడాదిన్నర గడిచాక రెండు రకాల బస్తీల్లోనూ ఇంటింటి సర్వే చేశారు. కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లు, ఉన్న వ్యాపారంలో పెట్టుబడి పెంచినవాళ్లు అప్పు అందిన బస్తీల్లో కొంత ఎక్కువగా కనిపించారు. ఇంటికి మన్నికైన వస్తువులు కొన్నారు. టీ, పొగాకు, బయటి తిళ్ల ఖర్చు తగ్గించుకున్నారు. అయితే ఇంటి మొత్తం నెలసరి ఖర్చు పెరగలేదు. పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబడి, వీటిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2015లో అచ్చయిన ఆ వ్యాసం పేరులో ‘మిరకిల్’ అన్న మాట పక్కన ప్రశ్నార్థకం ఉంది. అప్పు పేదరికాన్ని పారదోలుతుందన్నవారికీ, అప్పు కొంపలు ముంచుతుందన్నవారికీ ఆ లెక్క రుచించలేదు.

రుచించకపోవడంలో న్యాయం కూడా కొంత ఉంది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చిందంటే ఊళ్లలో వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు ఏ స్థాయిలో ఉన్నాయో గుర్తు చేసుకోండి. 52 బస్తీల సగటు అలాంటి ఇళ్లలోకి తొంగిచూడలేదు. సగటు చెప్పేది సగటునే. వందమందిలో తొంభైమందికి కాస్త మేలు జరిగి, పదిమంది కుదేలైపోతే లెక్కలో అది ‘పెద్ద తేడా లేదు’ అనే కనిపిస్తుంది. ఆ పదిమంది గురించి తెలియాలంటే వాళ్ల గడపలో కూర్చుని మాట్లాడాలి. వాళ్ల అప్పు కాగితాలు, ఏ వారం ఎవరి దగ్గర తెచ్చి ఎవరికి కట్టారన్న వరుస రాసుకోవాలి. ఇది ప్రయోగేతర పరిశోధన. ప్రయోగం చేయడం చేతకానివాళ్లు చేసే పని అని దీన్ని తక్కువ చేసే అలవాటు బెనర్జీ, డఫ్లోలకు 2019లో నోబెల్ వచ్చిన తరవాత మన విభాగాల్లో పెరిగింది. నాకది నచ్చదు.

రెండో ఉదాహరణ హైదరాబాదుకు పక్కనే, ఇబ్రహీంపట్నం వైపు పల్లెలది. 1987–90 మధ్య అక్కడ ఒక పరిపాలనా ప్రాంతంలోని 15 గ్రామాలకు ఐసీడీఎస్ అంగన్వాడీలు అప్పటికే వచ్చాయి. ఆనుకుని ఉన్న మరో ప్రాంతంలోని 14 గ్రామాలకు ఇంకా రాలేదు. ఒకచోట గర్భిణులకూ చిన్న పిల్లలకూ మొక్కజొన్న-సోయా పిండితో చేసిన ఉప్మా పెడుతున్నారు, రెండోచోట పెట్టడం లేదు. ఎవరు తేల్చారు? లాటరీ కాదు, పరిశోధకుడూ కాదు, సర్కారు వారి దశలవారీ జాబితా. జాతీయ పోషకాహార సంస్థ వారు అప్పుడు పుట్టిన పిల్లల బరువులు రాసి ఉంచారు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో ఆ పిల్లల్నే వెతికి పట్టుకుని మళ్లీ కొలిచారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సంజయ్ కిన్రా, సహచరులు ఇచ్చిన లెక్క ప్రకారం ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. ఇన్సులిన్ నిరోధకత వారిలో తక్కువ, రక్తనాళాల బిరుసు తక్కువ.

దీన్ని నమ్మవచ్చా? ఒక వైపు ఊళ్లన్నీ ఒక ప్రాంతం, మరో వైపు ఊళ్లన్నీ ఇంకో ప్రాంతం. మధ్యలో రోడ్డు, నీళ్లు, బడి, ఏది తేడాగా ఉన్నా ఆ ఖాతా ఉప్మాలో కలిసిపోతుంది. ఈ సందేహం ఆ డిజైన్‌ను ఎప్పటికీ వదలదు. కానీ కడుపుతో ఉన్న ఆడవాళ్లకు లాటరీ తీసి సగంమందికి తిండి ఆపే ప్రయోగం ఎవరు చేయగలరు? ఏ ఎథిక్స్ కమిటీ సంతకం పెడుతుంది? ప్రభుత్వం ఆలస్యంగా చేరిన ఊళ్లు ఎలాగూ ఉన్నాయి. ఆ ఆలస్యాన్ని కొలబద్దగా వాడుకున్నారు. పోలిక ఎక్కడ బలహీనమో పాఠకుడికి కనబడేట్టు పెట్టిన ఇలాంటి పని, లోపం దాచుకున్న ప్రయోగం కన్నా నాకు పదింతలు విలువైనది.

మూడో ఉదాహరణ చెప్పడానికి మనసొప్పదు, కానీ ఈ వేదిక మీద చెప్పి తీరాలి. 2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో అది ఆగింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం అభిప్రాయపడింది. నా ప్రశ్న టీకా మంచిచెడ్డల గురించి కాదు. లైసెన్సు వచ్చిన టీకాయే కదా, బడుల ద్వారా ఎలా వేయవచ్చో చూస్తున్నాం, ఇది పరిశీలనాత్మక అధ్యయనం మాత్రమే అని నిర్వాహకుల వాదన. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ వాదనను ఒప్పుకోలేదు. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలే ఉన్నాయని ఆ నివేదికలో ఉంది. మన ప్రశ్నే అక్కడా అడుగుదాం. ఆ పిల్లకు సూది పడాలని ఎవరు తేల్చారు? పిల్ల కాదు, తల్లి కాదు. సూది పట్టుకుని ఊళ్లోకి వచ్చినవాడు తాను కేవలం చూస్తున్నానని ఎలా అంటాడు? డిజైన్‌కు పెట్టిన పేరు వల్ల బీమా, అంగీకారం, ప్రమాదం జరిగితే చూసుకునే బాధ్యత, అన్నీ మారిపోతాయి. మూడో అధ్యాయంలోని వాక్యం ఎంత బరువైనదో గిరిజన హాస్టల్ పిల్లలకు తెలిసింది, మనకింకా తెలియలేదు.

ఈ సదస్సుకు వచ్చిన సంక్షిప్త పత్రాలు చదివాను. చాలావాటిలో పద్ధతి పేరు ఉంది, పంపకం ఎలా జరిగిందో లేదు. పత్రసమర్పకులు తమకిచ్చిన సమయంలో మొదటి రెండు నిమిషాలు దానికే కేటాయించాలని నా విన్నపం. హెడ్మాస్టరు చెప్పారంటే హెడ్మాస్టరనే చెప్పండి, నిశ్చింతగా వింటాం. సెషన్ల అధ్యక్షులు కూడా ప్రశ్నోత్తరాలు అక్కడినుంచే మొదలుపెట్టాలి. తొలి పత్రం సమర్పించేవారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.