అల్లడమూ, విప్పడమూ

హైదరాబాదులో కూర్చొని ఊలు అల్లేవారిని చూస్తే కొందరికి నవ్వు వస్తుంది. సంవత్సరం మొత్తంమీద ఆరేడు వారాలకు మించి చలి నిలువని ఊరు ఇది. జనవరి మాసపు తెల్లవారుజామున ఎన్నడైనా ఉష్ణోగ్రత పది డిగ్రీల దరికి దిగితే, మరునాడు ఊరంతా అదే ముచ్చట. అటువంటి చోట నెలల తరబడి శ్రమపడి ఒక స్వెటరు అల్లడం దేనికి? దుకాణానికి వెళితే గంటలో కొనుక్కొని రావచ్చు గదా! ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. సూటియైన సమాధానం నావద్ద లేదు. ప్రస్తుతం నా ఊలుబుట్టలో ఉన్న పనులను గురించి చెబుతాను. సమాధానం అందులోనే దొరకవచ్చు.

నా బుట్టలో ఇప్పుడు మూడు పనులు ఉన్నవి. మొదటిది మా నాన్నగారి స్వెటరు. రెండవది ఒక మేజోళ్ళ జత. మూడవది నూలుదారంతో అల్లుతున్న ఒక పైవల్లె. ఈ మూడింటిలో ఏదీ పూర్తికాలేదు. అల్లికపని తెలిసిన గృహిణులకు ఇందులో వింత కనిపించదు. ఒక్క పనిని ముగించి మరొకదానిని మొదలుపెట్టే అల్లికకత్తెను నేను ఇంతవరకు చూడలేదు.

నాన్నగారి స్వెటరు నేను మొదలుపెట్టినది కాదు. మా అమ్మ మొదలుపెట్టింది. వెనుకభాగము, ముందుభాగము, ఎడమచేయి పూర్తిచేసింది. కుడిచేయి మణికట్టు పట్టీ దాటి నాలుగు వేళ్ళ ఎత్తు వచ్చేసరికి ఆమె వేళ్ళకణుపులు సహకరించడం మానివేసినవి. ఒకనాటి సాయంకాలం సూదులతోసహా ఆ పనిని నా ఒడిలో పెట్టి, “అమ్మాయీ, ఇక నీదే ఈ చేయి” అన్నది. డెబ్బయి దాటిన వయస్సులో మా నాన్నగారు నేటికీ ప్రతి ఉదయం నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో నడుస్తారు. జనవరి ఒకటవ తేదీకి ఆ స్వెటరు సిద్ధం కావాలని అమ్మ నియమం. ఆ నియమానికి కారణం నుమాయిష్.

నాంపల్లి నుమాయిష్ సంగతి శ్రోతలకు కొత్త కాదు. ఉస్మానియా పట్టభద్రుల చొరవతో 1938లో పబ్లిక్ గార్డెన్సులో మొదలయిన ఆ ప్రదర్శన, 1946లో ఇప్పటి మైదానానికి మారింది. సాధారణంగా జనవరి ఒకటిన తెరచి నెలన్నర రోజులు సాగుతుంది. కాశ్మీరువారి శాలువలు, స్వెటర్లు అక్కడ గుట్టలుగా పోసి అమ్ముతారు. ఆ గుట్టల నడుమ మా నాన్నగారు అమ్మ అల్లిన స్వెటరు తొడుక్కొని నడవాలి. దానిని ఒక దుకాణదారుడైనా పట్టిచూచి, ఎక్కడ కొన్నారని అడగాలి. అమ్మ కోరుకునే బిరుదు అంతమాత్రమే.

నాకు చిన్ననాడే సూదులు పట్టడం వచ్చును. సీదా, ఉల్టా అనే రెండు కుట్లతో మఫ్లర్లు చాలా అల్లాను. ఆ ధైర్యంతో స్వెటరు చేతిని అందుకున్నాను. వారం రోజులలో జానెడు పొడవు అల్లి, ఎంతో గర్వంగా ఎడమచేతి ప్రక్కన పెట్టిచూచాను. రెండింటిలోనూ కుట్లు డెబ్బయే. కాని అమ్మ అల్లిన చేయి చుట్టుకొలత ముప్పయ్యైదు సెంటీమీటర్లు, నాది ముప్పయ్యిరెండుకు కూడా రాలేదు.

తప్పు ఎక్కడ? అమ్మ చేతిలో పది సెంటీమీటర్ల వెడల్పుకు ఇరవై కుట్లు పడుతున్నవి. నా చేతిలో ఇరవైరెండు పడుతున్నవి. అవే సూదులు, అదే ఊలు. చేయి మాత్రమే వేరు. పది సెంటీమీటర్లకు రెండు కుట్ల తేడా స్వల్పమని తోచవచ్చును. కాని నూరు సెంటీమీటర్ల ఛాతీకొలతకు రెండువందల కుట్లు వేసి, నా బిగింపుతో అల్లితే, తయారయ్యేది తొంభైఒక్క సెంటీమీటర్ల స్వెటరు. తండ్రికి అల్లినది కొడుకుకు కూడా పట్టదు. కనుకనే, పని మొదలుపెట్టడానికి ముందు నాలుగు వేళ్ళకంటే వెడల్పయిన ఒక నమూనాముక్క అల్లి, కొలిచి చూడాలని పెద్దలు చెబుతారు. ఆ అరగంట శ్రమకు బద్ధకించి నేను వారం రోజుల పని విప్పుకున్నాను.

విప్పిన తరువాత ఉపాయం వెదకాను. మన దుకాణాలలో సూదులకు వాడే పాత బ్రిటిషు లెక్కలో అంకె పెరిగినకొలదీ సూది సన్నబడుతుంది. అమ్మ వాడినది తొమ్మిదవ నంబరు. నేను ఎనిమిదవ నంబరుకు మారాను. కుట్లు ఇరవైఒకటికి వచ్చినవి, ఇరవైకి రాలేదు. అమ్మ నా చేయి చూచి, “సూదిది కాదు తప్పు. దారాన్ని మెడపట్టినట్టు పడుతున్నావు” అన్నది.

ఇక్కడ ఆబిడ్స్ నాకు సాయపడింది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణంవల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చింది. ఇప్పుడు అక్కడ ఆదివారంనాడు కాలిబాటల వెంట పాతపుస్తకాలు పరుస్తారు. ఒక ఆదివారం వంటపుస్తకాల అడుగున అట్ట ఊడిన ఆంగ్ల అల్లికపుస్తకం ఒకటి దొరికింది. అందులో దారాన్ని కుడిచేతితో విసరడానికి బదులు, ఎడమచేతి చూపుడువ్రేలిమీద నిలిపి సూదితో అందుకొనే పద్ధతి బొమ్మలతో వివరించి ఉన్నది. ఐరోపా ఖండంలో చాలామంది అల్లేది ఆ విధంగానే.

నలభై దాటిన తరువాత చేయి మార్చుకోవడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. తలకు అర్థమయిన సంగతి వేళ్ళకు అర్థంకాదు. మొదటి మూడు రోజులు పలక పట్టిన పిల్లవానికంటే కనాకష్టంగా నడిచింది పని. క్రమంగా దారం వదులయింది. ఎనిమిదవ నంబరు సూదితో ఇరవై కుట్లు వచ్చినవి. సంతోషించాను. కాని ఇరవై వరుసలు అల్లి వెలుతురులో పట్టిచూస్తే, బట్టమీద అడ్డంగా గాడులు. సీదా వరుస బిగువుగానూ, ఉల్టా వరుస వదులుగానూ పడుతున్నవి. మళ్ళీ విప్పాను. దీనికి మందు చాలా సులభమైనది. సీదా వరుసను ఎనిమిదవ నంబరు సూదితోనూ, ఉల్టా వరుసను ఒక నంబరు సన్నని సూదితోనూ అల్లడమే. రెండు సూదులూ ఒకే కొలతలో ఉండాలన్న నియమం ఎక్కడా లేదు.

ఇంతలో ఊలు చాలదని తేలింది. అమ్మ ఈ ఊలును ఎన్నో ఏండ్లక్రితం ఆబిడ్సులో కొన్నది. ఆ దుకాణం ఇప్పుడు లేదు. ఒకే రంగని అమ్మినా, ఒక్కసారి అద్దిన ఊలుకు మరొకసారి అద్దినది సరిగా కలవదు. పైగా ఇప్పుడు ఊలు పేరుతో దొరికేదానిలో చాలాభాగం అక్రిలిక్ అనే కృత్రిమపు దారం. కొస త్రుంచి, పళ్ళెంలో పెట్టి, జాగ్రత్తగా నిప్పు చూపిస్తే తేడా తెలుస్తుంది. నిజమైన ఊలు వెంట్రుకలు కాలిన వాసన వేసి, తనంత తానే ఆరి, నలిపితే బూడిద అవుతుంది. అక్రిలిక్ కరగి గట్టి ఉండకడుతుంది. అమ్మ కొన్నది నిజమైన ఊలు. ఇది నాకు ఎంత మేలయిందో తరువాత చెబుతాను.

భుజందగ్గర చాలని ఊలు ఎక్కడనుండి తేవడం? పాతపుస్తకంలో ఒక మార్గం ఉన్నది. స్వెటరు నడుముదగ్గర ఉండే సాగుడుపట్టీని కత్తిరించి తీసి, ఆ ఊలును వాడుకోవడం. దాని స్థానంలో వేరొక రంగుతో కొత్తపట్టీని క్రిందికి అల్లుకొనిపోవడం. చదవడానికి బాగుగానే ఉన్నది. కాని కత్తిరించవలసినది అమ్మ అల్లిన పని. చిన్నప్పుడు ఆమె కత్తెరను ముట్టుకుంటేనే కోప్పడేది. అటువంటి ఆమె అల్లికమీద నేను కత్తెర ఎలా పెట్టడం? నాలుగు రోజులు ఆ పనిని బుట్టలోనే ఉంచాను. చివరకు అమ్మే అడిగింది. చెప్పాను. ఆమె కొంతసేపు పట్టీని వేళ్ళతో తడివి, “కొయ్యి. కాని ముందు తాడు కట్టి కొయ్యి” అన్నది.

తాడు అనగా రక్షకదారం. పట్టీకి పైన ఉన్న ఒక వరుసలోని ప్రతి కుట్టులోనుండి మొద్దుసూదితో సన్నని తెల్లని నూలుదారం దూర్చాలి. ఏ కారణంచేతనైనా కుట్లు జారినా, ఆ దారందగ్గర ఆగిపోతవి. దానికి క్రిందివరుసలో ఒక్క పోగు మాత్రమే కత్తిరించి, ఒక్కొక్క కుట్టునుండి ఆ పోగును మెల్లగా లాగివేయాలి. పట్టీ విడిపోతుంది. పైన కుట్లు వరుసగా, ప్రాణంతో నిలిచి ఉంటవి. ఇక్కడ ఒక వింత ఉన్నది. అల్లిక ముగిసిన చివరినుండి లాగితే జలజల ఊడుతుంది. మొదలుపెట్టిన వైపునుండి అంత తేలికగా ఊడదు. నేను భయపడిన ప్రమాదం నిజానికి అంత పెద్దది కాదు. కుట్లు సూదికి ఎక్కిస్తే మొదటి లెక్కకు ఒకటి తగ్గినట్టు కనిపిస్తుంది, అది సహజమే.

విప్పిన ఊలు ఉంగరాల జుట్టువలె ముడుతలు పడి ఉన్నది. దానిని చిలపగా చుట్టి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి, చిన్న బరువు కట్టి ఆరవేస్తే తిన్ననయింది. కుడిచేయి పూర్తయింది. అప్పటికీ అమ్మ చేతికీ నా చేతికీ కొద్దిపాటి తేడా కనిపించింది. నిజమైన ఊలు చేసే మేలు ఇక్కడ తెలిసింది. తడిపి, తువాలులో ఒత్తి, కొలతకు పరచి ఆరవేస్తే కుట్లు ఒకదానితో ఒకటి సర్దుకుంటవి. అక్రిలిక్ అంతగా సర్దుకోదు. ఇప్పుడు ఏ చేయి ఎవరిదో నాన్నగారు పోల్చలేకపోయారు. అమ్మ మాత్రం ఒక్కచూపులో పోల్చింది. ఇక మిగిలినవి ముదురుఎరుపు రంగు నడుముపట్టీ, ప్రక్కకుట్లు.

మేజోళ్ళ సంగతి క్లుప్తంగా చెబుతాను. వానిని పొడవైన తీగగల ఒకే గుండ్రని సూదిమీద చుట్టూ అల్లుతున్నాను. వ్రేళ్ళదగ్గర మూసే కుట్టును ఆంగ్లంలో కిచెనర్ కుట్టు అంటారు. 1902 నుండి 1909 వరకు మన దేశంలో సర్వసేనానిగా ఉండి, తరువాత మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషు యుద్ధమంత్రి అయిన కిచెనర్ పేరే అది. సైనికుల వ్రేళ్ళు ఒరుసుకొనకుండా అతుకు కనిపించని కుట్టు కావలసివచ్చిందని చెప్పుకుంటారు. నూలుతో అల్లే పైవల్లె మన వాతావరణానికి తగినది. కాని నూలుకు ఊలువలె సాగేగుణం లేదు, ఎగుడుదిగుడులను దాచిపెట్టదు. ఆ పనికి ఇంకా నా చేయి చాలలేదు.

ఈ సంవత్సరంలో నేను అల్లినదానికంటే విప్పినదే ఎక్కువ. అయినా నష్టపోయాననిపించడంలేదు. వంటలో ఉప్పెక్కువయితే వెనుకకు తీయలేము. నోరుజారిన మాటను వెనుకకు తీసుకోలేము. రేడియోలో పనిచేసే మాకు ఆ సంగతి మరింత బాగా తెలుసు. అల్లికలో మాత్రం తప్పుజరిగిన చోటుదాకా వెనుకకు నడిచి, అదే దారంతో మళ్ళీ మొదలుపెట్టవచ్చును. కొత్తపద్ధతి నేర్చుకోవడమంటే విప్పడానికి వెనుదీయకపోవడమేనని నాకు ఇప్పుడు తోస్తున్నది.

మీ ఇంటిలోనూ అటకమీదనో, పెట్టెలోనో సగంలో ఆగిన అల్లిక ఒకటి ఉండి ఉంటుంది. దానిని మొదలుపెట్టినవారు ఇంటిలోనే ఉంటే, వారి ప్రక్కన కూర్చొని దానిని బయటికి తీయండి. ముందుగా వారి కుట్లు పది సెంటీమీటర్లకు ఎన్నో లెక్కపెట్టండి. తరువాత మీ నమూనాముక్క అల్లండి. ఆ రెండు లెక్కలూ కలిసేవరకు తొందరపడకండి. మా ఇంటిలో నడుముపట్టీ ఇంకా రెండు అంగుళాలు మిగిలి ఉన్నది. జనవరి ఒకటవ తేదీకి అందుతుందనే అమ్మ నమ్మకం.